పోయినవాళ్ళందరికీ ఒకే చొక్కా

రండి, గుమ్మంలో ఎండ పడుతుంది, ఇలా లోపలికొచ్చి నా దగ్గరగా కూర్చోండి. ఆ ఫోన్లు కాసేపు బోర్లా పెట్టండి, ఎక్కడికీ పోవు. ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు మీరు. అందుకని నా ఆఖరి ఉద్యోగం సంగతి మీకే చెప్పాలి. మధ్యమధ్యలో మీకు అర్థం కాకపోతే మీ తప్పు అనుకోకండి. అప్పుడు అక్కడున్న మాకెవ్వరికీ అర్థం కాలేదు. నాకు ఇప్పటికీ సగమే అర్థమైంది.

నా చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. నా ఉద్యోగం అడగడం. నవ్వకండి, నిజంగా అడగడమే. సర్వే అంటారు. సబ్బుల వాళ్ళు, టీపొడి వాళ్ళు, టీవీ సీరియళ్ళ వాళ్ళు, మా యానాంలో ఇల్లిల్లూ తిరిగి "మీరేం వాడతారండి" అని అడిగే మనిషి కావాలంటే నన్నే పిలిచేవారు. ఏ ఇంటి కుక్క కరుస్తుందో, ఏ ఇంట్లో అడక్కుండా మజ్జిగ ఇస్తారో, ఏ గోడ మీద ఏం వేలాడుతుందో అన్నీ నాకు గుర్తు. రాయడం నెమ్మది కాబట్టి గుర్తుపెట్టుకోవడం అలవాటైంది.

నాతో ఎప్పుడూ ఒకావిడ జట్టుగా వచ్చేది. చర్చి వీధిలో ఉంటుంది, కథోలిక కుటుంబం. ఆవిడ నన్ను వదినా అంటుంది, నేనావిడ్ని వదినా అంటాను. నిజానికి ఎవరికెవరు వదినో మేమెప్పుడూ తేల్చుకోలేదు. ఆవిడ నోరు పదును. నేను ఒక ఇంట్లో సగం ప్రశ్నలు అడిగేసరికి ఆవిడ ఆ ఇంటి కోడలు పుట్టింటికి ఎందుకెళ్ళిందో కూడా కనుక్కునేది.

ఈ పనిలో మేం నేర్చుకున్నది ఒక్కటే. అడిగితే మనుషులు తమకి నచ్చిన జవాబు చెబుతారు. సబ్బుల సర్వేలో ప్రతి ఇంట్లోనూ ఖరీదైన సబ్బు పేరే చెప్పేవారు. మేం వినేసి, "కాళ్ళు కడుక్కుంటామమ్మా" అని పెరట్లోకి వెళ్ళేవాళ్ళం. అక్కడ పెంకులో ఏ సబ్బు ఉంటే అదే రాసుకునేవాళ్ళం.

ఇక మోకాళ్ళు చాలన్నాయి, ఇంట్లో కూర్చుందాం అనుకుంటున్న రోజుల్లో కాకినాడ నుంచి ఒక సూపర్‌వైజర్ వచ్చాడు. ముప్ఫై దాటిన మనిషి, గడ్డం, కళ్ళజోడు, చాలా మర్యాద. గోదావరి గట్టు మీద టీ కొట్టు దగ్గర మా ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాడు.

"అమ్మా, ఫొటోలు బాగుచేసే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. దాన్ని మీ ఊళ్ళో ఎవరెవరు వాడుతున్నారో కనుక్కోవాలి."

"ధరెంత బాబూ?"

"ధర లేదమ్మా, ఉచితం. ఓపెన్ సోర్స్ అంటారు. ఎవరెవరో కలిసి చేస్తారు. ఎవరైనా వాడుకోవచ్చు. కావాలంటే విప్పి లోపల మార్చుకోవచ్చు కూడా."

మా జట్టావిడ నా చెవిలో, "వదినా, ఇదేదో చందాల బాపతు, జాగ్రత్త," అంది.

"మరి ఎవరు వాడుతున్నారో చేసినవాళ్ళకే తెలీదా?" అనడిగాను.

"తెలీదమ్మా. వాడేవాళ్ళ మీద అది కన్నేసి ఉంచదు. ఎవరి కంప్యూటర్లోకి వెళ్ళిందో, ఏం చేస్తోందో వెనక్కొచ్చి చెప్పదు."

"అంటే పిల్లని అత్తారింటికి పంపేసి అడ్రసు పారేసుకున్నారన్నమాట," అంది జట్టావిడ.

"ఆయ్, ఇంచుమించు అంతేనండి," అన్నాడు పాపం.

తర్వాత అసలు సంగతి చెప్పాడు. అందులో మీటలూ మాటలూ తెలుగులో కనిపించేట్టు ఎవరో చేసిపెట్టారట. కొత్తది విడుదలైన ప్రతిసారీ ఆ మాటలన్నీ మళ్ళీ సరిచూడాలట. అది చేసేవాళ్ళు కరువు. తెలుగులో వాడేవాళ్ళే లేరని తేలితే, వచ్చే విడుదల నుంచి తెలుగు తీసేస్తారట. అందుకని కొన్ని చిన్న ఊళ్ళు ఎంచుకున్నారు. మాది లెక్కలో పాండిచ్చేరి కిందికొస్తుంది, మాట్లాడేది గోదావరి తెలుగు. ఒక ఖర్చుతో రెండూ చూసినట్టవుతుందని ఎవరికో తోచిందట.

సరే, అడగడమే కదా అని బయల్దేరాం.

మొదట బస్టాండు దగ్గర స్టూడియోకి వెళ్ళాం. ఆయన వెనకాల కంప్యూటర్ గుర్రుమంటోంది, దాని మీద పెళ్ళికూతురి మొహం ఇంత పెద్దది ఉంది. "ఫొటోలు దేంతో బాగుచేస్తారండీ?" అంటే, మా మెడలో కార్డులు చూసి, చేతిలో రాసుకునే అట్టలు చూసి, భుజం మీద తువ్వాలు తీసి ఆ పెళ్ళికూతురి మీద కప్పేశాడు.

"మా దగ్గర కంప్యూటరే లేదండి."

"మరి అదేంటండీ?"

"అది మా బావమరిదిదండి. ఇక్కడ దాచుకున్నాడు."

ఫ్లెక్సీలు వేసే కొట్టుకి వెళ్తే, మిషనే తనంతట తాను బొమ్మలు చేసుకుంటుందన్నాడు. మూడో కొట్టాయన మమ్మల్ని చూడగానే షట్టరు సగం దించేశాడు. పొద్దుటంతా తిరిగినా యానాంలో ఫొటో బాగుచేసేవాడు ఒక్కడూ దొరకలేదు. ఊళ్ళో చూస్తే అడుగడుక్కీ ఫ్లెక్సీలు, వాటి మీద తెల్లగా మెరిసిపోయే మొహాలు!

భోజనాలయ్యాక ఇంకో వింత. పొద్దున్న కాదన్నవాళ్ళే రోడ్డు మీదకొచ్చి పిలుస్తున్నారు. "అమ్మా, ఇందాక పొరపాటు చెప్పానండి. మేం ఆ ఉచితందే వాడతామండి. ఎప్పట్నుంచో అదేనండి." షట్టరు దించినాయన కూల్‌డ్రింకులు తెప్పించాడు. బావమరిది కంప్యూటరాయన, "మా ఇంటిల్లిపాదీ దాని మీదే బతుకుతున్నామండి," అన్నాడు. సెలూన్ ఆయన కూడా వచ్చి, "మాదీ రాసుకోండమ్మా, ఎందుకైనా మంచిది," అన్నాడు.

సాయంత్రం సూపర్‌వైజర్ బాబు విని తల పట్టుకున్నాడు. ఫొటోలు దిద్దడానికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ వేరే ఉందట. చాలా కొట్లలో దాని దొంగ కాపీలే నడుస్తాయట. పొద్దున్న మమ్మల్ని చూసి పాండిచ్చేరి నుంచి నేరుగా దిగిన తనిఖీ అనుకున్నారు. మధ్యాహ్నానికి ఎవరో ఎవరికో ఫోన్ చేసి, ఉచితందే వాడుతున్నామంటే వదిలేస్తారు అని చెప్పారు. అదీ సంగతి.

"మరి ఏది రాయమంటారు బాబూ? పొద్దుటిదా, మధ్యాహ్నందా?"

కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పెట్టుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. "నాకూ తెలీట్లేదమ్మా," అన్నాడు.

మర్నాడు మా పెరటి పద్ధతి మొదలుపెట్టాం. "చాలా సంతోషమండి, ఒకసారి చూపించండి" అనేవాళ్ళం. ఒకాయన పేకాట తెరిచి చూపించాడు. ఒకాయన నెత్తి మీద ఫ్యాను తిరుగుతుంటే కరెంటు లేదన్నాడు. ఇంకొకాయన ధైర్యంగా ఆ ఖరీదైనదే చూపించి, "ఇదే అదండి," అన్నాడు. ఊళ్ళోకెల్లా పాత స్టూడియో పెద్దాయన ఒకాయన ఉన్నాడు. మా ఆయన్ని ఎరిగినవాడు, నన్ను చెల్లెమ్మా అంటాడు. ఆయనా, "మా తిప్పలేవో మేం పడతాం, వదిలెయ్ చెల్లెమ్మా," అని మాట దాటేశాడు.

అంటే ఎవరూ వాడట్లేదు. తెలుగు తీసేస్తారు. తీస్తే తియ్యనీ, ఎవరికీ అక్కర్లేనిది పోతే ఎవరికి నష్టం అనుకున్నాను. అనుకుని ఇంటికొచ్చి పడుకున్నాను.

పొద్దున్నే మా ఆయన ఫొటోకి అగరొత్తి వెలిగించడం నాకు అలవాటు. ఆయన ఏటి మీద పంటు నడిపేవాడు. జనాన్నీ సైకిళ్ళనీ గేదెల్నీ ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకి దాటించడమే పని. బతికినన్నాళ్ళూ ఖాకీ పొట్టి చేతుల చొక్కా తప్ప తొడగలేదు. ఫొటోలో మాత్రం తెల్లటి పొడుగు చేతుల చొక్కా, జేబులో పెన్ను. వేలిముద్ర వేసే మనిషి జేబులో పెన్ను! పెద్దకార్యానికి ఫ్రేము కట్టించి తెచ్చినరోజే చూశాను గానీ, ఆ ఏడుపులో ఎవర్ని అడుగుతాం? తర్వాత అలవాటైపోయింది.

ఆ పొద్దున ఎందుకో ఆ చొక్కానే చూస్తూ నిలబడ్డాను. ఎడమవైపు కాలరు కొస కాస్త పైకి లేచి ఉంది. ఎవరో వేలు పెట్టి ఎత్తినట్టు. ఈ కాలరు నేను ఇంకెక్కడో చూశాను. ఎక్కడా? అడవిపొలం ఊళ్ళో సబ్బుల సర్వేకి వెళ్ళినప్పుడు, ఒక రైతు ఇంట్లో గడియారం పక్కన. అగ్రహారంలో టీపొడికి వెళ్ళినప్పుడు, ఒక మాస్టారి తండ్రి మీద. శిలువ పక్కన ఒకచోట, వెంకటేశ్వరస్వామి కింద ఒకచోట. మనిషి వేరు, మొహం వేరు. చొక్కా ఒకటే, పెన్ను ఒకటే, లేచిన కాలరు ఒకటే. అగరొత్తి చేతిలోనే ఆరిపోయింది. నా జ్ఞాపకం మీద నాకే అనుమానం వచ్చి, చెప్పులేసుకుని జట్టావిడ ఇంటికి పరిగెత్తాను.

వాళ్ళ మామగారి ఫొటో చూశాను. అదే చొక్కా!

"వదినా, ఈ చొక్కా మీ మామగారిదేనా?"

"ఏమో వదినా. ఆయనకి చొక్కాలెన్నున్నాయో నాకెందుకు?"

"మరి మీ అత్తగారికి ఈ మామిడిపిందెల అంచు పట్టుచీర?"

"ఎక్కడిదీ! ఆవిడ బతుకంతా నేతచీరలే. పోయాక ఫొటోలో పట్టుచీర కనబడితే అంతా దేవుడి దయ అనుకున్నాం." అని ఆగి, "వదినా, ఈ అంచు మా తోడికోడలి తల్లికి కూడా ఉంది," అంది.

ఇద్దరం మంచం మీద కూలబడ్డాం. చాలాసేపు ఆలోచించి ఒక మాట అనుకున్నాం. ఇప్పుడు చెబితే నవ్వొస్తుంది గానీ అప్పుడు మాకు ఖాయంగా తోచింది. సబ్బు కొంటే సబ్బుపెట్టె ఉచితంగా ఇస్తారు కదా. ఆ సాఫ్ట్‌వేర్‌తో పాటు ఈ చొక్కా, చీర కూడా ఇస్తారన్నమాట! అయితే చొక్కా ఉన్న ప్రతి ఇల్లూ ఆ సాఫ్ట్‌వేర్ వాడినట్టే. ఆ రోజంతా గోడలు చూసుకుంటూ తిరిగి, చొక్కా ఉన్న ప్రతి ఇంటినీ రాసుకుని, వాడేవారి పేరు అన్నచోట ఫొటోలో ఉన్నవాళ్ళ పేరు పెట్టి, గర్వంగా తీసుకెళ్ళి సూపర్‌వైజర్ బాబు చేతిలో పెట్టాం.

"ఇంతమందా!" అని ఆయన మొహం వెలిగిపోయింది. "వీళ్ళందర్నీ నేను ఒకసారి కలవొచ్చా అమ్మా?"

"ఎలా కలుస్తారు బాబూ? ఈయన పోయాడు."

"అయ్యో. మరి ఈవిడ?"

"ఈవిడా పోయింది."

"మిగతావాళ్ళు?"

"అందరూ పోయినవాళ్ళేనండి," అంది జట్టావిడ. "బతికున్నవాళ్ళకి ఈ చొక్కా రాదు."

ఆయన కాగితాలు బోర్లా పెట్టాడు. తర్వాత నెమ్మదిగా, "అమ్మా, సాఫ్ట్‌వేర్‌లో చొక్కాలు ఉండవు," అన్నాడు.

"చీరలు?"

"చీరలూ ఉండవమ్మా."

మరి ఈ చొక్కా ఎవరిది? ముగ్గురం కలిసి పాత స్టూడియో పెద్దాయన దగ్గరికి వెళ్ళాం. జట్టావిడ వాళ్ళ మామగారి ఫ్రేమునే సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది. "అన్నయ్యగారూ, ఈ చొక్కా ఎవరిదో చెప్పండి. లేకపోతే మా మామగారు ఇక్కణ్ణుంచి లేవరు."

ఆయన నవ్వాడు. షాపులో ఇంకెవరూ లేరని చూసుకుని చెప్పాడు. ఇంట్లో మనిషి పోతాడు. పెద్దకార్యానికో, జ్ఞాపకార్థ ప్రార్థనకో ఫొటో కావాలి. వెతికితే ఒక్కటీ సరైంది ఉండదు. పెళ్ళి గ్రూపులో వెనక వరసలో సగం మొహం, లేకపోతే వల లాగుతూ ఒంటి మీద బట్ట లేకుండా. దాంట్లోంచి మనిషిని కత్తిరించి, బట్టలు తొడిగి, మొహం తేటపరచాలంటే చాలా ఓపిక కావాలి. ఆ ఓపిక ఏ స్టూడియోలోనూ లేదు. "అందుకని అందరం ఫోన్లో దరియాలతిప్పకి పంపిస్తాం చెల్లెమ్మా. అక్కడ ఒకావిడ ఇంట్లో కూర్చుని చేస్తుంది. మేం మా దగ్గరే చేశామని చెప్పుకుంటాం. ఆవిడ వాడేది మీరడిగేదే అనుకుంటా. తెలుగులో ఉంటుంది."

సూపర్‌వైజర్ బాబు అప్పటికే ఆటోని కేకేశాడు.

సముద్రం పక్కనే కదా, దరియాలతిప్పలో ఉప్పుగాలి మొహానికి కొడుతోంది. ఇల్లు కనుక్కుని, "ఏవండీ, ఎవరండీ లోపల?" అని కేకేశాం. తలుపు తెరుచుకుంది.

ఆ చొక్కా బయటికొచ్చింది.

నిజం చెబుతున్నాను. తెల్లటి పొడుగు చేతుల చొక్కా, జేబులో పెన్ను. పైనున్న మొహం నేనింకా చూడలేదు. ఒక్క క్షణం మా ఆయనే అనిపించింది. జట్టావిడ గబగబా శిలువ గుర్తు వేసుకుంది.

"భయపడకండి, బతికే ఉన్నానండి," అన్నాడు ఆ మనిషి, ఇది ఆయనకి రోజూ ఉండేదే అన్నట్టు. "పడవ ఇంజన్లు బాగుచేస్తానండి. పెళ్ళికెళ్తున్నానని ఇది తొడిగాను. ఏ ఇంటికెళ్ళినా ఇదే వరస. మంచినీళ్ళు ఇచ్చే ముందు ఓసారి గోడ వంక చూస్తారు, ఓసారి నా వంక చూస్తారు. ఏమేవ్! నీ కోసమే ఎవరో వచ్చారు."

ఆవిడకి నలభై ఉంటాయేమో. ఏడో తరగతి చదివిందట. పాత స్టూడియోలో ఊడ్చి, ఫ్రేములకి అద్దాలు తుడిచే పనిలో చేరి, చూసి చూసి నేర్చుకుంది. గదిలో ఓ మూల వలల మూట, దాని పక్కన ఉప్పుగాలి తగలకుండా దుప్పటి కప్పిన కంప్యూటర్. మేం అడక్కుండానే దుప్పటి తీసి చూపించింది. ఉచితందే! మాటలన్నీ తెలుగులో. సూపర్‌వైజర్ బాబు ఆ తెర ముందు దణ్ణం పెడతాడేమో అనుకున్నాను.

చొక్కా సంగతి అడిగితే సిగ్గుపడింది. "మొదట్లో ఒక చేపల వేటకాయన ఫొటో వచ్చిందండి. ఒంటి మీద బట్ట లేదు. గోడ మీద అలా ఉంచలేమని వాళ్ళమ్మాయి ఒకటే ఏడుపు. మా ఆయన పెళ్ళి చొక్కా ఆరేసి ఉంటే ఫోనుతో ఫొటో తీసి తొడిగానండి. దండేనికి క్లిప్పు పెట్టాం కదా, అందుకు కాలరు లేచింది. పెన్ను తియ్యడం మర్చిపోయాను. తర్వాత అందరూ పెన్నుతోనే బాగుందన్నారండి. చీర మా అత్తగారిది."

"ఇంకో రంగు పెట్టవే అంటే వినదండి," అన్నాడు ఆయన.

"రంగు మార్చడం నాకు రాదండి. అక్కడేదో మీట ఉంది గానీ అక్కడి మాట నాకు బోధపడదు. నొక్కితే ఏమైపోతుందో అని భయం."

నాకు ఉండబట్టలేదు. "మా ఆయనకీ నువ్వే తొడిగావమ్మా. పంటు నడిపేవాడు," అన్నాను.

ఆవిడ కళ్ళు చిట్లించి గుర్తు తెచ్చుకుంది. "పంటాయనా? కళ్ళు మూసుకున్న ఫొటో ఒక్కటే ఇచ్చారండి. పక్కన మీ అబ్బాయి ఉన్నాడు, పోలిక కలిసింది. కళ్ళు అబ్బాయివి తెచ్చి పెట్టానండి."

ఇన్నేళ్ళూ ఆ ఫొటో ముందు నిలబడితే మావాడు చూస్తున్నట్టు ఎందుకుంటుందా అనుకునేదాన్ని. అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాను. జట్టావిడ నా భుజం మీద చెయ్యి వేసింది.

అప్పుడు సూపర్‌వైజర్ బాబు తెలుగు తీసేసే సంగతి చెప్పాడు. ఆవిడ చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది.

"తెలుగు తీసేస్తే ఏ మీట ఏంటో నాకెలా తెలుస్తుందండి? ఇంగ్లీషు నాకు రాదు కదండి."

"ఈ కంప్యూటర్లో పాతది ఉంటుందమ్మా. ఇది పనిచేసినన్నాళ్ళు..."

ఆవిడ కంప్యూటర్ పెట్టె పక్కకి తిప్పి చూపించింది. తుప్పు పట్టి అట్టలా ఊడొస్తోంది. "ఈ ఉప్పుగాలికి ఇది వచ్చే వానలు దాటదండి. కొత్తది కొంటే కొత్తదే వెయ్యాలంటారు. మరి నేను అద్దాలు తుడవడానికే పోవాలండి." పెళ్ళికెళ్ళాల్సిన ఆయన చెప్పులు విప్పేసి గుమ్మంలో కూర్చుండిపోయాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో పెద్ద గొడవ.

"ఊరంతా వాడతామన్నారు కదా బాబూ, అదే రాసెయ్యండి," అంది జట్టావిడ. "మనం కల్పించలేదు, వాళ్ళ నోటితో వాళ్ళే అన్నారు."

"అబద్ధమని తెలిశాక ఎలా రాస్తానండి?"

"అయితే ఒక్కరని రాసి ఆవిడ నోటి దగ్గర కూడు తీసేస్తారా?"

నాకు అంతా గందరగోళంగా ఉంది. టీపొడి సర్వేలో కొనేది మామగారు, కాచేది కోడలు, తాగేది ఇంటిల్లిపాదీ. మేం తాగేవాళ్ళని రాసేవాళ్ళం. ఇక్కడ తాగేవాళ్ళెవరు? పంపే స్టూడియోలా, గోడకి తగిలించుకునే మేమా, చొక్కా తొడుక్కున్న వాళ్ళా? ఆ మాటే అంటే, "అమ్మా, పోయినవాళ్ళకి ఈ ఫారంలో గడి లేదమ్మా," అన్నాడు బాబు దీనంగా.

"అయితే రాయొద్దు. చూపిద్దాం," అన్నాను. నాకు తెలిసిన పని అదొక్కటే.

ఆ సాఫ్ట్‌వేర్ వాళ్ళు తలో ఊళ్ళో ఉంటారట. అందర్నీ ఒక పొద్దున వీడియో కాల్లోకి పిలిచాడు. దరియాలతిప్ప ఆవిడ ఇంట్లోనే, స్టీలు డబ్బాకి ఫోన్ ఆనించి కూర్చున్నాం. తెర మీద గళ్ళు గళ్ళుగా మొహాలు. ఒక గడిలో మొహం లేదు, ఖాళీగా ఉంది. బాబు ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. వాళ్ళు ఏదో అడిగారు. ఆయన ఒక వేలు చూపించాడు. గళ్ళల్లో తలలు అడ్డంగా ఊగాయి. భాష రాకపోయినా అది నాకు బాగానే అర్థమైంది.

ఫోన్ తీసుకుని లేచాను. పక్కింట్లోకి వెళ్ళి గోడ చూపించాను. ఆ పక్కింట్లోకి వెళ్ళి చూపించాను. వెనక్కొచ్చి నేను తెచ్చిన మా ఆయన ఫ్రేము పెట్టాను, జట్టావిడ వాళ్ళ మామగారిని పెట్టింది. తెరలోంచి ఒకాయన ఏదో అడిగాడు. "వీళ్ళంతా అన్నదమ్ములా అంటున్నాడమ్మా," అన్నాడు బాబు. సరిగ్గా అప్పుడే ఇంటాయన అదే చొక్కాతో మా వెనక్కొచ్చి, "నమస్కారమండి," అన్నాడు. తెరలో ఒకావిడ కుర్చీలోంచి లేచిపోయింది.

అప్పుడు ఆ ఖాళీ గడిలో మొహం వచ్చింది. నెరిసిన జుట్టు, నూలు చీర. అచ్చ తెలుగులో మాట్లాడింది.

"అమ్మా, మీరు చూసి పనిచేసే ఆ మాటలు ఒకసారి చదువుతారా?"

దరియాలతిప్ప ఆవిడ కంప్యూటర్ వైపు తిరిగి ఒక్కొక్కటే చదివింది. కూడబలుక్కుంటూ, బళ్ళో పిల్ల చదివినట్టు. తెరలో ఆవిడ కళ్ళు మూసుకుని విన్నారు.

"అవి రాసేది నేనేనండి. ఇన్నేళ్ళలో ఇంకొకరు చదవగా వినడం ఇదే. ఎవరికోసం రాస్తున్నానో తెలీక, ఇక మానేస్తానని వీళ్ళకి చెప్పాను. అందుకే ఈ సర్వే పెట్టారు."

సూపర్‌వైజర్ బాబుకి కూడా ఆ సంగతి తెలీదు. నోరు తెరిచి చూస్తున్నాడు.

"మానేస్తారాండీ?" అంది దరియాలతిప్ప ఆవిడ. బతిమాలలేదు. ఊరికే అడిగింది.

అవతల ఆవిడ తెర దగ్గరికి జరిగారు. "పనిలో మీకు ఇబ్బంది పెట్టిన మాట ఏమైనా ఉందా?" అన్నారు.

"ఒకటుందండి. ఇదిగో, ఇది. ఏమైపోతుందో అని ఇన్నేళ్ళూ ముట్టుకోలేదు."

ఆవిడ చూసి ఫక్కున నవ్వారు. "అది నాకూ అర్థం కాలేదండి! ఏదో ఒకటి రాయాలి కదా అని రాశాను. ఒక పని చేద్దాం. మీరు నొక్కండి. ఏమవుతుందో చెప్పండి. దాన్నిబట్టి నేను మాట మారుస్తాను."

అందరం తెర మీదకి వంగాం. కంప్యూటర్లో ఎవరో పెద్దాయన ఫొటో, తెల్ల చొక్కాతో. దరియాలతిప్ప ఆవిడ వేలు పైకి లేచి, ఆగి, నొక్కింది. ఒక గీత వచ్చింది. దాన్ని పక్కకి లాగింది. ఆ పెద్దాయన చొక్కా మెల్లగా నీలంగా మారింది. ఇంకా లాగితే ఆకుపచ్చ.

"హమ్మయ్య!" అన్నాడు వెనకనుంచి ఇంటాయన. "ఇన్నాళ్ళకి నా చొక్కా నాకొచ్చేసింది."

"రంగు మారుతోందండీ!" అంది ఆవిడ ఫోన్లోకి.

"అయితే రంగు మార్చు అనే రాస్తానండి," అన్నారు అవతల ఆవిడ. "వచ్చే విడుదలలో చూసుకోండి."

మానేస్తారా అన్నదానికి అదే జవాబు. ఆ మాట విన్నాక మిగతా గళ్ళవాళ్ళు ఎవరూ లెక్క అడగలేదు.

బాబు చివరికి ఎంతమందని రాశాడో నాకు ఇప్పటికీ తెలీదు. అడిగితే నవ్వి, నాకూ సరిగ్గా తెలీదమ్మా అంటాడు. ఆ తుప్పు కంప్యూటర్ ఆవిడ చెప్పినట్టే వానల్లో పోయింది. కొత్తదాంట్లో తెలుగు ఉంది. ఇప్పుడు మా ఊళ్ళో పోయినవాళ్ళు నీలం, గోధుమరంగు, గళ్ళ చొక్కాలు కూడా తొడుగుతున్నారు. ఇంజన్లాయన తెల్ల చొక్కాతో దర్జాగా పెళ్ళిళ్ళకి వెళ్తున్నాడు. మా ఆయనకి రంగు మార్పిస్తావా అని జట్టావిడ అడిగింది. వద్దన్నాను. చొక్కా వేరొకాయనది, కళ్ళు కొడుకువి, పెన్ను ఎవరిదో. అయినా ఆయనే మా ఆయన. అదెలాగో మాత్రం అడక్కండి.

ఉద్యోగాల్లో చేరేవాళ్ళు కదా, ఒక్క మాట విని వెళ్ళండి. అవతల రాసేది ఒక్కరు, ఇవతల చదివేది ఒక్కరు. మధ్యలో మేమంతా అట్టలు పట్టుకుని ఊరు ఊరంతా గాలించాం. ఇంతోటిదానికి అంత తిరుగుడు అవసరమా అంటే ఏం చెప్పను? మేం తిరక్కపోతే వాళ్ళిద్దరూ ఒకరికొకరు కనబడేవాళ్ళు కాదు. రేపు మీరు చేసే పని ఎవరికి అందుతోందో తెలీక విసుగేస్తే, ఒక్క మనిషైనా ఎక్కడో దాన్ని కూడబలుక్కుని చదువుతూ ఉంటుందేమో వెళ్ళి చూడండి.

ఇక లేవండి, పొద్దుపోతోంది. మీ ఇంటిల్లిపాదీ ఎవరి చొక్కా వాళ్ళే తొడుక్కుని, ఎవరి కళ్ళతో వాళ్ళే ఒకర్నొకరు చూసుకుంటూ చల్లగా ఉండాలి. దరియాలతిప్ప ఆవిడ చేతికి మీ ఇంటి ఫొటో వెళ్ళే అవసరం ఏళ్ళ తరబడి పడకూడదు. వెళ్ళినా, ఏదో పుట్టినరోజు ఫొటోకి రంగులు దిద్దడానికే వెళ్ళాలి.